కొకెషి బొమ్మ ముఖం ఎవరిది?

నా బల్ల మీద జానెడు ఎత్తు చెక్క బొమ్మ ఒకటి ఉంటుంది. గుండ్రటి తల, నడుము దగ్గర కాస్త నొక్కుకున్న ఒళ్లు, అంతే. చేతులు లేవు, కాళ్లు లేవు. మొహంలో గీతల్లాంటి రెండు కళ్లు, చిన్న ముక్కు, చుక్క పెట్టినట్టు ఎర్రటి నోరు. ఒంటి నిండా ఎర్ర చామంతులు. తల పట్టుకుని మెల్లగా తిప్పితే కీచుమంటుంది. జపాన్ ఈశాన్య భాగాన్ని తొహోకు అంటారు. అక్కడి మియాగి ప్రాంతంలో, నరుకో అనే వేడినీటి బుగ్గల ఊరి బొమ్మ ఇది. ఈ జాతి బొమ్మలన్నిటినీ కలిపి కొకెషి అని పిలుస్తారు.

దీన్ని చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "ఇది చనిపోయిన పిల్లల గుర్తుగా చేసే బొమ్మ కదా?" అంటారు. ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివి ఉంటారు. నేనూ మొదట అక్కడే చదివాను, చాలాకాలం నమ్మాను కూడా. ‘కొ’ అంటే పిల్ల, ‘కెషి’ అంటే చెరిపెయ్యడం, కరువు రోజుల్లో సాకలేక వదులుకున్న పసిబిడ్డల కోసం తల్లిదండ్రులు ఈ బొమ్మను ఇంట్లో పెట్టుకునేవారు అన్నది ఆ కథ. వినగానే గుండె పట్టేస్తుంది. అందుకే అంత త్వరగా పాకింది.

కొకెషి గురించి చెప్పాలంటే ముందు ఈ ముడి విప్పాలి. ఎందుకంటే ఈ కథ పట్టుకుని చూస్తే బొమ్మ వెనక ఉన్న మనుషులు అసలు కనబడరు.

పేరులో లేని దుఃఖం

తొహోకులో కరువులు నిజం. 1780లలో, మళ్లీ 1830లలో ఆ ప్రాంతం తిండి లేక అల్లాడిపోయింది. పసిబిడ్డలను వదులుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ దుఃఖాన్ని ఎవరూ కాదనరు. కాని ఆ దుఃఖానికీ ఈ బొమ్మకూ ముడి పెట్టింది చాలా ఆలస్యంగా, 1960ల తర్వాత. పాత రాతల్లో దానికి ఆధారం దొరకలేదు, కొకెషి మీద ఏళ్లతరబడి పనిచేసిన పరిశోధకులు దాన్ని ఒప్పుకోరు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తోచిన కారణం ఇంకొకటి ఉంది. ఈ బొమ్మకు ‘కొకెషి’ అన్నది ఒక్కటే పేరు కాదు. ఒక లోయలో ‘దెకొ’ అనేవారు, అంటే ఉత్త బొమ్మ అని. ఇంకోచోట ‘కిదెకొ’, అంటే చెక్క బొమ్మ. మరోచోట ‘కిబొకో’. ఇంకా ఉత్తరానికి పోతే ‘కినకిన’. ఎవరి యాస వారిది. చివరికి 1940లో బొమ్మలు చేసేవాళ్లు, సేకరించేవాళ్లు నరుకోలో సమావేశమై, ఇకనుంచి అందరం ‘కొకెషి’ అనే అందాం, అదీ అర్థాన్ని మోసే చైనా లిపి అక్షరాల్లో కాకుండా ఉచ్చారణను మాత్రమే రాసే హిరగాన లిపిలోనే రాద్దాం అని తీర్మానించుకున్నారు. మరి పేరులోనే చావు దాగి ఉంటే, అదే బొమ్మను పక్క లోయవాళ్లు ‘చెక్క బొమ్మ’ అని ఎందుకు పిలిచారు? అన్ని పేర్లలో ఒక్కదాన్ని పట్టుకుని, దానికి చైనా అక్షరాలు అతికించి, అందులోంచి కథ లాగారన్నమాట.

1862 నాటి ఒక పత్రంలో ఈ బొమ్మను ‘కొఫుకెషి’ అని రాశారు. ‘కెషి’ అంటే గసగసాల మొక్క. ఆ రోజుల్లో చిన్నపిల్లలకు గుండు చేసి, అక్కడక్కడ చిన్న పిలకలు వదిలేవారు. ఆ తలకట్టును గసగసాల కాయతో పోల్చి పిలిచేవారు. బొమ్మ నెత్తి మీద గీసే జుట్టు సరిగ్గా అలాగే ఉంటుంది. పేరు అక్కణ్నుంచి వచ్చి ఉంటుందన్నది నాకు సబబుగా అనిపించే వివరణ. అంటే బతికి, ఆడుకుంటూ తిరిగే పిల్ల తల అది.

గిన్నెలు చేసే చేతులు

కొకెషిని మొదట చేసినవాళ్లు బొమ్మలవాళ్లు కారు. గిన్నెలు, పళ్లాలు చేసేవాళ్లు. వాళ్లను కిజిషి అంటారు. ‘కిజి’ అంటే రంగు పూత లేని ఉత్త చెక్క. కొండల్లో చెట్టు కొట్టి, తరిమెన మీద తిప్పి గిన్నెలు తీస్తే, లక్కపూత వేసేవాళ్లు వాటిని కొనుక్కునేవారు. ఆ తరిమెనను వాళ్లు రొకురో అంటారు. మనం ఇప్పుడు లేత్ అనేది అదే.

కిజిషి కుటుంబాలన్నీ తమ విద్యకు మూలపురుషుడిగా ఒకరినే చెప్పుకుంటాయి. 9వ శతాబ్దపు యువరాజు కొరెతక. సింహాసనం దక్కక, ఇప్పటి షిగ ప్రాంతంలోని కొండల్లోకి వెళ్లి ఉండిపోయాడట. ఒకరోజు బౌద్ధ సూత్రాల చుట్టను తాడు పట్టి లాగుతుంటే లోపలి కర్ర గిరగిరా తిరిగిందట. దాన్ని చూసి తరిమెన ఊహ తట్టిందని, ఆ విద్యను అక్కడి పనివాళ్లకు నేర్పాడని చెబుతారు. చరిత్రగా ఇది నిలబడకపోవచ్చు. కాని ఈ కథ మీద ఒక బతుకుతెరువే నిలబడింది. రాజవంశం మాకు అనుమతి ఇచ్చింది, ఏ కొండ మీదైనా చెట్టు కొట్టుకోవచ్చు అని రాసి ఉన్న పత్రాల నకళ్లు దగ్గర పెట్టుకుని, ఈ కుటుంబాలు వందల ఏళ్లు కొండ నుంచి కొండకు తిరిగాయి. ఒకచోట మంచి చెట్లు అయిపోతే మూట సర్దుకుని ఇంకోచోటికి.

1868లో మెయిజి చక్రవర్తి పాలన వచ్చాక భూములకు లెక్కలు, పన్నులు వచ్చాయి. చాలా కొండలు ప్రభుత్వం కిందికి పోయాయి. పాత పత్రాలు చెల్లలేదు. తిరిగే కుటుంబాలు ఎక్కడో ఒకచోట స్థిరపడక తప్పలేదు. వేడినీటి బుగ్గల ఊళ్లు వాళ్లకు అప్పటికే తెలిసిన చోట్లు, ఎందుకంటే 19వ శతాబ్దం మొదటి భాగం నుంచే అక్కడ వాళ్ల చిన్నచిన్న వస్తువులు అమ్ముడుపోతున్నాయి.

ఆ ఊళ్లకు రైతులు వచ్చేవారు. నాట్లు అయ్యాకో, కోతలు అయ్యాకో బియ్యం, ఉప్పు, పప్పు మూట కట్టుకుని వచ్చి, వారం రెండు వారాలు అక్కడే వండుకు తింటూ, రోజూ వేడి నీళ్లలో మునుగుతూ నడుము నొప్పులు తగ్గించుకునేవారు. దీన్ని ‘తోజి’ అంటారు. తిరిగి వెళ్లేటప్పుడు ఇంట్లో పిల్లలకు ఏదో ఒకటి పట్టుకెళ్లాలిగా. తిరునాళ్లకు వెళ్లిన తాత జేబులో చిలకో ఈలో లేకుండా ఇంటికి రాడు కదా, అలాగే. గిన్నెలు తీయగా మిగిలిన చిన్న దుంగలతో కిజిషి చేసి పెట్టిన బొమ్మ ఆ రైతు చేతికి అందింది. అదీ కొకెషి పుట్టుక.

ఎరుపు రంగుకూ ఒక కారణం ఉంది. మన ఊళ్లలో మశూచిని ‘అమ్మవారు పోసింది’ అన్నట్టే, అక్కడా దాని వెనక ఒక దేవత ఉందనుకునేవారు. ఆ దేవత నుంచి ఎరుపు పిల్లలను కాపాడుతుందని నమ్మకం. ఎర్ర రంగు వేసిన ఆటవస్తువులన్నీ అలా పిల్లల చేతికి వచ్చాయి, కొకెషి కూడా.

చేతులూ కాళ్లూ ఎందుకు లేవన్నదానికి ఇప్పుడు జవాబు తేలిక. తరిమెన మీద తిరిగేది గుండ్రంగానే వస్తుంది. గిన్నె తీసే చేతికి తల, ఒళ్లు రెండూ తేలికే. పైగా అది చంటిపిల్ల గుప్పిట్లో పట్టే మందం, నోట్లో పెట్టుకున్నా గుచ్చుకునే కొన ఎక్కడా లేదు. ఉత్తరాన ఇవాతె ప్రాంతపు ‘కినకిన’ను అసలు రంగే వెయ్యకుండా, పాలు తాగే పిల్లలు చప్పరించడానికే ఇచ్చేవారు. దాని తల వదులుగా ఊగుతుంది.

తరిమెన మీద

మొదట్లో తరిమెనకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఇరుసుకు చుట్టిన తాడును అటూ ఇటూ లాగుతుంటే, ఇంకొకరు ఎదురుగా కూర్చుని ఉలి ఆనించి చెక్క తీస్తారు. తాడు లాగేది చాలా ఇళ్లలో భార్యే. కాబట్టి ‘ఫలానా ఆయన చేసిన బొమ్మ’ అని పేరు పడ్డ పాత బొమ్మల్లో సగం చాకిరీ పేరులేని ఆడవాళ్లది. యజిరో ఊళ్లోనైతే మగవాళ్లు బొమ్మలు తీస్తే, ఆడవాళ్లు వాటిని మోసుకుని దగ్గర్లోని కమసాకి బుగ్గలకు నడిచివెళ్లి అమ్మేవారు. 1880లలో ఒక్కరే కాలితో తొక్కుతూ తిప్పే తరిమెన తొహోకుకు వచ్చింది. ఆ తర్వాత కరెంటు. తాడు లాగే మనిషి అవసరం తీరిపోయింది. రంగులు వెయ్యడం, చెక్క రుద్దడం, అమ్మడం మాత్రం ఇంటిల్లిపాది పనిగానే ఉండిపోయాయి.

కర్ర ఎక్కువగా మిజుకి. ‘మిజు’ అంటే నీళ్లు, ‘కి’ అంటే చెట్టు. వసంతంలో కొమ్మ విరిస్తే నీళ్లు కారేంత రసం ఉంటుంది. అందుకే ఆ రసం తగ్గిన శరదృతువు, చలికాలాల్లో కొడతారు. బెరడు ఒలిచి, గాలి ఆడేలా నిలబెట్టి నెలల తరబడి ఆరబెడతారు. తెల్లగా, నునుపుగా ఉండే ఈ కర్ర మీద రంగు బాగా పడుతుంది. ఉలులు బజార్లో దొరికేవి కావు. పనివాడే కొలిమి పెట్టుకుని తన చేతికి తగ్గ వంపులో కొట్టుకుంటాడు. కొకెషి నేర్చుకోవడమంటే సగం కమ్మరిపని నేర్చుకోవడమే.

నరుకో బొమ్మకు తల అమర్చే పద్ధతి చెబుతాను. తల వేరు, ఒళ్లు వేరు. తల కింద మెడ కొస కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. భుజాల మధ్య తొలిచిన రంధ్రం మూతి దానికంటే ఇరుకు. మామూలుగా అయితే పట్టదు. ఒంటిని తరిమెన మీద వేగంగా తిప్పుతూ, తలను చేత్తో పట్టి ఆ రంధ్రం మీద బలంగా అదుముతారు. రాపిడికి చెక్క వేడెక్కుతుంది, కాస్త లొంగుతుంది, ‘టక్’మని మెడ లోపలికి దిగిపోతుంది. జిగురు లేదు, మేకు లేదు. చల్లారాక ఇక ఊడి రాదు, కాని తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా బిగువు మీద కీచుమంటుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే భుజం పగిలిపోతుంది, తక్కువైతే తల ఊగుతుంది. ఎంత అన్నది చేతికే తెలియాలి.

ఇది చదివినప్పుడు నాకు ఏటికొప్పాక గుర్తొచ్చింది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర తిప్పే మన పనివాళ్లు కూడా రాపిడి వేడినే నమ్ముకుంటారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, దాన్ని మొగలి ఆకుతో నునుపు చేస్తారు. కొకెషివాళ్లు ఒకప్పుడు నునుపుకు ఎండబెట్టిన ‘తొకుస’ గడ్డి వాడేవారు. ఇద్దరిదీ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న విద్య కాదు. తిరిగే కర్ర ముందు కూర్చున్నవాడికి ఎక్కడైనా అవే సంగతులు తెలుస్తాయి.

ఒంటి మీద గుండ్రటి చారలు కావాలంటే తిరుగుతున్న బొమ్మకు కుంచె ఆనిస్తే చాలు. పూలు, ముఖం మాత్రం చేత్తోనే. ముఖం గీసేటప్పుడు పనివాడు ఊపిరి బిగబడతాడు. పూత లేని చెక్క కాబట్టి సిరా పడగానే పీల్చేస్తుంది, తుడవడానికి ఉండదు. కనురెప్ప ఒక్క గీత, ఒక్క ఊపు. తప్పు పడితే మళ్లీ తరిమెన ఎక్కించి ఆ పొరంతా చెక్కెయ్యాలి. చివరికి మైనం రుద్దితే పని పూర్తి. ఆ రంగులు ఎండకు ఆగవు. కిటికీ దగ్గర పెడితే కొన్నేళ్లకే చామంతులు వెలిసిపోతాయి.

పదా, పదకొండా, పన్నెండా?

కొకెషి గురించి రెండు పుస్తకాలు తెరిస్తే రెండు లెక్కలు కనబడతాయి. ఊరినీ గురువు వరసనూ బట్టి ఈ బొమ్మలను శాఖలుగా విడదీస్తారు. అవి పది అని ఒకరంటారు, ఒకరు పదకొండు, ఒకరు పన్నెండు. తప్పు రాశారని కాదు. సకునామి, యమగత శాఖలను కలిపి ఒకటిగా చెప్పేవారు ఉన్నారు, విడిగా చెప్పేవారూ ఉన్నారు. నకనొసవ బొమ్మలను చాలాకాలం త్సుచియు శాఖలో భాగంగా లెక్కపెట్టి, తర్వాత వేరు చేశారు. పిండం పెట్టే హక్కు ఎవరిదన్న చోట మన దాయాదులు లెక్కపెట్టే తీరులాంటిది ఇది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నదే అసలు కొలత.

బొమ్మను చూసి ఊరిని పోల్చుకోవడం మాత్రం కష్టం కాదు. ఫుకుషిమ వైపు త్సుచియు బొమ్మకు తల చిన్నది, నడినెత్తిన పాము కన్నులా ఒకదాంట్లో ఒకటి నల్లటి వలయాలు, ఒళ్లంతా చారలు. జావో కొండ పక్కన తోగత్త బొమ్మకు తల పెద్దది, నడినెత్తి నుంచి ఎర్రటి గీతలు పువ్వు విచ్చినట్టు దిగుతాయి. యజిరోది రంగురంగుల వలయాల టోపీ పెట్టినట్టుంటుంది. నకనొసవ బొమ్మకు ఇంతింత గుండ్రటి కళ్లు, చుట్టూ ఎర్రటి నీడ. జపాన్‌లో ముద్దుగా ఆక్టోపస్ అని పిలుస్తారు. ఉత్తర కొసన అవొమొరిలోని త్సుగారు బొమ్మ తల, ఒళ్లు కలిసి ఒకే దుంగ. ఆ ప్రాంతాన్ని ఏలిన త్సుగారు వంశం చిహ్నమైన పియొనీ పువ్వు దాని ఒంటి మీద కనబడుతుంది.

త్సుగారు దగ్గర ఒక సంగతి చెప్పాలి. అక్కడి కొకెషి దాదాపు 1910లలో మొదలైంది. అంటే ‘అనాదిగా వస్తున్న సంప్రదాయం’ అని మనం మురిసిపోయే వాటిలో ఒకటి వందేళ్ల కిందటిదే. అయినా నురుయు ఊరి మొరి హిదెతారో చేసిన బొమ్మలను అదే అవొమొరి బిడ్డ, ప్రపంచం మెచ్చిన చెక్క అచ్చుల చిత్రకారుడు మునకత షికో ఎంతో ఇష్టపడ్డారు. మరి సంప్రదాయమని దేన్నంటారు?

తాత రకం

జవాబు బొమ్మ వయసులో లేదు, వరసలో ఉంది. గుర్తింపు ఉన్న కొకెషి పనివాడు అంటే ఒక గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. ఆ గురువుకు ఒక గురువు, ఆయనకు ఇంకొకరు. నరుకోలో ఈ వరస పట్టుకుని వెనక్కి పోతే ఓనుమ మతగొరో అనే పేరు దగ్గర ఆగుతుంది. ఆయనే అక్కడ మొదలుపెట్టాడని ఊరి వాడుక. చాలావరకు గురువు తండ్రే. తండ్రి చనిపోతే మామో, పెదనాన్నో. కొడుకులు లేని ఇంట్లో దత్తత తీసుకున్న అల్లుడు. ఓనుమ, తకహషి, సతో, అబె. ఊరి పేరు చెబితే ఇంటిపేరు ఊహించవచ్చు.

శిష్యుడు గురువు ముఖాన్ని గీయడం నేర్చుకుంటాడు. ఆ కనుబొమల వంపు, ముక్కు గీత, ఒంటి మీద పూల కూర్పు, ఇవన్నీ కలిపి ఒక ‘రకం’. అది గీసినవాడి పేరుతోనే చలామణి అవుతుంది. మనవడు తాత రకం చేస్తే, అడుగున తన పేరుతో పాటు ఫలానా తాత రకం అని రాస్తాడు. అనుభవం పండాక తనదైన ముఖం కుదిరితే, దాన్ని ‘సొంత రకం’ అంటారు. రేపు దాన్ని అతని శిష్యుడు గీస్తాడు. నకలు కొట్టడం అంటే మనకు చులకన. ఇక్కడ దాని అర్థమే వేరు. పాట నేర్చుకునేటప్పుడు గురువు పాఠం అక్షరం పొల్లుపోకుండా పాడి పాడి, ఎప్పుడో ఒకనాడు తన గొంతు తనకు దొరికినట్టు. ఎంత ఒత్తుగా దిద్దినా రెండు తరాల ముఖాలు ఒక్కలా రావు. తాత గీసిన కన్ను కాస్త కోపంగా, మనవడి కన్ను కాస్త మెత్తగా ఉంటుంది. ఆ తేడాను చూడటానికే కొందరు జీవితమంతా కొకెషి సేకరిస్తారు.

ఆ సేకరించేవాళ్ల పాత్ర చిన్నది కాదు. 20వ శతాబ్దం మొదట్లో తగరం, సెల్యులాయిడ్ ఆటవస్తువులు వచ్చి కొకెషిని దాదాపు తుడిచిపెట్టాయి. పిల్లలకు అక్కర్లేకపోయింది. 1928లో మియాగిలోని సెండాయ్ నగరంలో అమాయె తొమియా కొకెషి మీద ఒక పుస్తకం వేశారు. దాంతో పట్నంలోని పెద్దవాళ్లు ఈ బొమ్మల కోసం కొండదారులు పట్టారు. పని మానేసిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని, ‘మీ నాన్న చేసినట్టే ఒకటి చేసి పెట్టండి’ అని బతిమాలారు. అంతకు ముందు బొమ్మల మీద సంతకాలే ఉండేవి కావు, ఆటబొమ్మకు సంతకమేమిటి? ఎవరు చేశారో తెలుసుకోవాలనుకునే మనిషి వచ్చాకే అడుగున పేరు వచ్చింది.

వాళ్లు లేకపోతే కొకెషి ఇవాళ ఉండేది కాదని నా నమ్మకం. అయితే వాళ్లు ఒక బరువు కూడా మోపారు. అంతకుముందు పనివాళ్లు పక్క ఊరి బొమ్మలో నచ్చింది కనబడితే తెచ్చేసుకునేవారు. ఇప్పుడు గీటు దాటితే ‘ఇది మీ శాఖది కాదు’ అనే మాట వినాలి. యుద్ధం తర్వాత గున్మ ప్రాంతంలో పెరిగిన ‘సృజనాత్మక కొకెషి’కి ఈ బాదరబందీ లేదు. ఎవరి ఊహ వారిది, గురువు వరస అవసరం లేదు. దుకాణంలో రెండూ పక్కపక్కనే, ఒకే పేరుతో ఉంటాయి. కొనేవాడికి వచ్చే అయోమయంలో సగం దీనివల్లే.

మియాగి కొకెషికి 1981లో ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తింపు ఇచ్చింది. అదే ప్రాంతంలోని షిరొయిషిలో 1959 నుంచి దేశమంతటి కొకెషిల పోటీ నడుస్తోంది. నరుకోలో సెప్టెంబరు పండగకు మనుషులే నిలువెత్తు కొకెషి వేషాల్లో వీధుల్లో ఊరేగుతారు. 2010 ప్రాంతంలో కుర్ర అమ్మాయిలు కొకెషి వెంట పడ్డారు, వాళ్లకు ‘కొకెజో’ అని పేరు కూడా పెట్టారు. ఇవన్నీ సంతోషమే. కాని పనివాళ్లు ముసలివాళ్లవుతున్నారు. కొడుకులు పట్నాల్లో ఉద్యోగాలకు వెళ్లిపోయారు. అందుకే కొన్ని ఊళ్లు ఇప్పుడు ఇంటిపేరు చూడకుండా బయటివాళ్లను శిష్యులుగా తీసుకుంటున్నాయి. ఒకప్పుడు తాడు లాగి, రంగు వేసి పేరు లేకుండా మిగిలిన చోట, ఇప్పుడు ఆడవాళ్లు తామే తరిమెన ముందు కూర్చుని, తామే ముఖం గీసి, తమ పేరు రాస్తున్నారు. రక్తసంబంధం లేని శిష్యురాలు గురువుగారి తాత రకం గీస్తే అది ఆ కుటుంబం బొమ్మే అవుతుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే అవుతుంది. వేరే ఇంటి నుంచి వచ్చిన అల్లుడు గీస్తే అయినప్పుడు, ఈ అమ్మాయి గీస్తే ఎందుకు కాదు?

నా బొమ్మను తలకిందులు చేస్తే అడుగున నల్లసిరాతో రెండు వరుసలున్నాయి. ఒకటి చేసిన మనిషి పేరు. రెండోది, కాస్త చిన్న అక్షరాల్లో, ఎవరి రకమో. చాలాకాలం అవి నాకు ఉత్త గీతలు. తెలిసిన ఒకాయన చదివి చెప్పాక, రెండు పేర్ల మధ్య రెండు తరాలున్నాయని అర్థమైంది. ఇప్పుడు దాన్ని కిటికీ దగ్గర నుంచి తీసి, ఎండ తగలని గోడ పక్కన పెట్టాను. వానాకాలంలో చెక్క ఉబ్బి తల బిగుసుకుంటుంది. అప్పుడు దాన్ని తిప్పను. చలికాలం వచ్చాక మళ్లీ కీచుమంటుంది.